313 ఆదివారాలు: ‘అమృతం’ మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తున్నాం?

2001 నవంబరు 18 ఆదివారం. 2007 నవంబరు 18 కూడా ఆదివారమే. మొదటిదాన్నీ చివరిదాన్నీ కలుపుకుంటే ఆ రెండు తేదీల నడుమ 314 ఆదివారాలున్నాయి. జెమిని టీవీలో ‘అమృతం’ సీరియల్ మొదలైంది ఆ మొదటి తేదీన, ముగిసింది ఆ రెండో తేదీన. వచ్చిన ఎపిసోడ్లు 313. అంటే ఆరేళ్ళపాటు ఇంచుమించు వారం తప్పకుండా వచ్చినట్టే లెక్క. ఆ ఆరేళ్ళలో క్రికెట్ ప్రపంచకప్ రెండుసార్లు జరిగింది, 2004లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఏది వచ్చినా ఏది మారినా ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఆ సీరియల్‌లోని మిత్రులు అమృతం అనే అమృతరావు, అంజి అనే ఆంజనేయులు తమ హోటలు తలుపు తీసేవాళ్ళు.

సీరియల్ ఆగిపోయింది గానీ చూడటం ఆగలేదు. యూట్యూబులో ఎపిసోడ్లు ఉన్నాయి, చూసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది మొదటిసారి చూస్తున్నవాళ్ళు కాదు. ఏ సన్నివేశం తర్వాత ఏ మాట వస్తుందో తెలిసి, ఆ మాట కోసమే ఎదురుచూస్తూ చూసేవాళ్ళు. ఒక్కో ఎపిసోడు ఇరవై నిమిషాలు అనుకుంటే మొత్తం 6,260 నిమిషాలు. గంటల్లోకి మారిస్తే 104 గంటల 20 నిమిషాలు. అంటే నిద్ర లేకుండా నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు చూసినా ఇంకా ఎనిమిది గంటల పైచిలుకు మిగులుతుంది. రోజుకు మూడు చొప్పున చూస్తే 105 రోజుల్లో అయిపోతుంది. ఆరేళ్ళ ముచ్చట మూడున్నర నెలల్లో. ఇన్ని గంటలు, అదీ చూసేసినదాని మీద, మనుషులు ఎందుకు ఖర్చు పెడుతున్నారు? దీనికి ‘పాత బంగారం’ అనే ఒక్క మాట సరిపోదని నా నమ్మకం. లెక్కలు చూస్తే విషయం ఇంకా లోతుగా ఉంది.

మూడిళ్ళలో ఒక ఇంట టీవీ

2001 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 31.6 శాతం. రేడియో ఉన్న ఇళ్ళు 35.1 శాతం. ‘అమృతం’ మొదలైన ఏడాది దేశంలో టీవీకన్నా రేడియోయే ఎక్కువ ఇళ్ళలో ఉందన్నమాట. 2011 లెక్కలకు వచ్చేసరికి టీవీ 47.2 శాతానికి ఎగబాకింది, రేడియో 19.9 శాతానికి పడిపోయింది. సీరియల్ నడిచిన ఆరేళ్ళూ ఈ రెండు లెక్కల నడుమే పడ్డాయి. పల్లెల్లో ఇంటింటికీ టీవీ చేరుతున్న కాలం అది, ఇంకా పూర్తిగా చేరని కాలం కూడా అదే.

ఒక పల్లెను తీసుకుని చూద్దాం: కృష్ణ ఒడ్డున, కంచికచర్ల మండలంలో ఉన్న చెవిటికల్లు. 2022 ఏప్రిల్ 4 నుంచి కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లా. పెద్దవాళ్ళ నోట మాత్రం కృష్ణా జిల్లానే. పక్కనే ఏరు ఉన్నా నందిగామ, జగ్గయ్యపేట వైపంతా మెట్ట ప్రాంతమే. పత్తి, మిర్చి పండే నేల. పత్తి తీతల రోజుల్లో పొద్దున చేలోకి వెళ్ళిన ఆడవాళ్ళు పొద్దుగూకాక ఇల్లు చేరి, పొయ్యి ముట్టించి, అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి, ఒక ఘడియ కూర్చునే వేళకు ఎనిమిదిన్నర అయ్యేది. దేశం లెక్క ప్రకారం చూస్తే మూడిళ్ళలో రెండిళ్ళకు టీవీ లేదు. మరి ఆ రెండిళ్ళ వాళ్ళు చూడలేదా? చూశారు. టీవీ ఉన్న ఇంట్లో చూశారు. పిల్లలు గచ్చు మీద ముందు వరసలో, ఆడవాళ్ళు గోడకు ఆనుకుని, మగవాళ్ళు గడప దగ్గరా అరుగు మీదా. గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు బొమ్మ సగమే కనిపించేది, మాట మాత్రం పూర్తిగా వినిపించేది. నవ్వు లోపల పుట్టి అరుగు మీదికి వచ్చేసరికి ఒక క్షణం ఆలస్యమయ్యేది.

‘అమృతం’ ఈ ఏర్పాటుకు అచ్చంగా సరిపోయింది. మాటల మీద నడిచే హాస్యం అది. బొమ్మ సగం కనిపించినా నష్టం లేదు. ఈ ప్రాంతానికి ఆ అలవాటు అప్పటికే ఉంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. కళ్ళు మూసుకుని గొంతునుబట్టి మనిషిని పోల్చుకుంటూ, ఒకే నాటికను పునఃప్రసారంలో మళ్ళీ విని మళ్ళీ నవ్వే విద్య మన తాతలకు రేడియో నేర్పింది. మళ్ళీ చూడటం యూట్యూబుతో పుట్టిన అలవాటు కాదు. మళ్ళీ వినడంగా అది మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది.

269 రూపాయల నుంచి 11.78కి

మళ్ళీ చూడాలనే కోరిక ఒక్కటే ఉంటే చాలదు. జేబు కూడా ఒప్పుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో మొబైల్‌లో ఒక జీబీ డేటా సగటు ఖరీదు 269 రూపాయలు. 2018కి అది 11 రూపాయల 78 పైసలు. నడుమ జరిగింది 2016 సెప్టెంబరు 5న జియో రావడం, దాంతో మిగతా కంపెనీలూ ధర దించుకోవాల్సి రావడం.

దీన్ని మన సీరియల్‌కు అన్వయిద్దాం. ఓ మాదిరి నాణ్యతతో చూస్తే గంటకు సుమారు 400 ఎంబీ ఖర్చవుతుందనుకోండి. 104 గంటలకు దాదాపు 40 జీబీ. 2014 ధరకు మొత్తం ‘అమృతం’ చూడాలంటే 10,760 రూపాయలు. 2018 ధరకు 471 రూపాయలు. మొదటిది కూలీనాలీ చేసుకునే ఇంటికి నెలల సంపాదన. రెండోది ఒకటి రెండు రోజుల కూలి. పాత సీరియళ్ళ మీద జనానికి ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రేమ ముందునుంచీ ఉంది. దాన్ని తీర్చుకునే స్థోమత ఆ నాలుగేళ్ళలో చేతికొచ్చింది.

మారిన నాయకుడు, మారని ఇల్లు

ఈ సీరియల్‌లో నన్ను బాగా ఆలోచింపజేసిన అంకె మూడు. అమృతం పాత్ర వేసినవాళ్ళు ముగ్గురు: శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. అతని భార్య సంజీవని పాత్రలోనూ నటులు మారారు. కథానాయకుడి ముఖం మారితే సినిమా నిలబడదు. ఇక్కడ రెండుసార్లు మారినా జనం లేచి వెళ్ళలేదు. ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళు కదల్లేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ, హోటల్లో వంటా వడ్డనా చూసే సర్వంగా వాసు ఇంటూరి అలాగే ఉన్నారు. అమృతవిలాస్ అనే హోటలూ, అద్దె కోసం కాచుకున్న ఓనరూ అలాగే ఉన్నారు. ప్రేక్షకుడు మనసు పెట్టుకున్నది ఒక నటుడి మీద కాదు, ఆ అమరిక మీద. ఆ వాకిట్లోకి అడుగుపెడితే ఎవరు ఎక్కడ ఉంటారో తనకు తెలుసు.

గుణ్ణం గంగరాజు తన జస్ట్ ఎల్లో సంస్థ ద్వారా తీసిన ఈ సీరియల్‌కు చంద్రశేఖర్ యేలేటి, ఎస్.ఎస్. కంచి లాంటివాళ్ళు వేర్వేరు కాలాల్లో దర్శకత్వం వహించారు. ఉద్యోగాలు వదిలేసి సొంత వ్యాపారం పెట్టుకున్న ఇద్దరు మిత్రులు, వాళ్ళ ఇల్లాళ్ళు, ఒక ఓనరు, ఒక పనివాడు. ఎపిసోడు మొదట్లో అమృతానికి ఒక ఆలోచన వస్తుంది. అది పట్టాలెక్కుతుంది, తప్పుతుంది, అప్పాజీ చేతికి చిక్కుతుంది. చివరికి అందరూ మొదలైన చోటికే వస్తారు. ఎవరూ ధనవంతులు కారు, ఎవరూ వీధిన పడరు. వచ్చే వారం అదే హోటలు, అదే అద్దె గొడవ.

మళ్ళీ చూడటానికి వీలు కల్పించింది ఈ నిర్మాణమే. దీన్ని రోజువారీ సీరియల్‌తో పోల్చి చూడండి. అదే జెమినిలో 2008 నుంచి 2013 దాకా వచ్చిన ‘మొగలిరేకులు’ 1,300 ఎపిసోడ్లు దాటింది. అదీ జనం గుండెల్లో నిలిచిన సీరియలే, దాన్నీ ఇప్పుడు యూట్యూబులో వెతుక్కుని చూసేవాళ్ళున్నారు. కానీ దాని 700వ ఎపిసోడు తెరిస్తే ముందు జరిగిందంతా తెలిసుండాలి. ‘అమృతం’ 200వది తెరిచినా, 17వది తెరిచినా అయిదు నిమిషాల్లో అందులో ఉంటాం. అన్నం తింటూ ఒకటి, నిద్రకు ముందు ఒకటి. ఎక్కడ ఆపినా ఏ దారమూ తెగదు.

ఒక సాయంత్రం చూసిన దృశ్యం చెబుతాను. అరుగు మీద ఓ ముసలావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇంజినీరింగ్ చదివే మనవడు ఫోనును ఇత్తడి చెంబుకు ఆనించి నిలబెట్టాడు. తెర మీద అప్పాజీ వచ్చి నిలబడగానే, ఆయన నోరు తెరవకముందే ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది.

‘‘మామ్మా, ఇది నువ్వు చూసిందేగా?’’

‘‘చూసిందేరా. అందుకే పెట్టమన్నా. తెలియనిదైతే ఏమవుద్దో ఏమోనని ఆదుర్దా.’’

చేతిలో చిక్కుడుకాయ ఆగలేదు. కళ్ళు కూడా అన్నివేళలా తెర మీద లేవు. అవసరమైన చోట మాత్రం తల ఎత్తుతోంది. ఎక్కడ ఎత్తాలో ఆవిడకు తెలుసు.

మనసు చెప్పే లెక్క

ఆ ముసలావిడ చెప్పిన మాటనే శాస్త్రజ్ఞులు వేరే దారిలో వెళ్ళి పట్టుకున్నారు. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక విషయం చూపించాడు: ఒక వస్తువు ఎన్నిసార్లు మన కంటబడితే దాని మీద అంత ఇష్టం పెరుగుతుంది, అది మనకేమీ చేయకపోయినా సరే. 2009లో జే డెరిక్, షిరా గాబ్రియేల్, కర్ట్ హ్యూగెన్‌బర్గ్ కలిసి ప్రచురించిన అధ్యయనం మరో మెట్టు ఎక్కింది. ఒంటరితనం కలిగినప్పుడు మనుషులు తమకు ఇష్టమైన టీవీ కార్యక్రమం వైపు మళ్ళుతారనీ, దాన్ని తలుచుకున్నా ఆ ఒంటరితనం కొంత తగ్గుతుందనీ అందులో తేలింది. ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఆ పాత్రలే నలుగురిలో ఉన్న భావన ఇస్తాయి.

మూడోది జ్ఞాపకాల లెక్క. జీవితం మొత్తం మీద ఏ వయసు నాటి సంగతులు ఎక్కువ గుర్తుంటాయని నడివయసు దాటినవాళ్ళను అడిగితే, పది నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్యవి గుట్టగా పోగుపడి కనిపిస్తాయి. దీన్ని ‘అమృతం’ తేదీలకు ఆనించి చూడండి. 2001లో ముప్ఫై ఏళ్ళున్నవాడు 1971లో పుట్టాడు. 2007లో పదేళ్ళున్న పిల్ల 1997లో పుట్టింది. అంటే 1971 నుంచి 1997 దాకా పుట్టిన తెలుగువాళ్ళందరికీ ఈ సీరియల్ కొంతైనా ఆ గుట్టలోనే పడింది. ఇరవై ఏడేళ్ళ జనం. తల్లీ కూతురూ ఇద్దరూ అందులో ఉండే ఇళ్ళున్నాయి. వారానికొకటి చొప్పున ఆరేళ్ళు సాగడం వల్ల దక్కిన లాభం ఇది. ఆరు నెలల్లో ముగిసే వెబ్ సిరీస్‌కు ఇంత విస్తీర్ణం రాదు.

ఆ ఇరవై ఏడేళ్ళ జనమే ఊళ్ళు వదిలి వెళ్ళింది కూడా. కంచికచర్లలో మిక్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది 2002లో, సీరియల్ మొదలైన మరుసటి ఏడాది. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు బస్సు దూరంలో బీటెక్ అందింది. అక్కణ్ణుంచి హైదరాబాదు, బెంగళూరు, ఇంకొందరు సముద్రం అవతల. అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య తెలుగు మాట్లాడేవాళ్ళ సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన సమాచారం మీద చేసిన విశ్లేషణలో తేలింది. అక్కడ ఆ వేగంతో పెరిగిన భాష మరొకటి లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంటులో ఒక్కడే అన్నం తింటున్న కుర్రాడు ‘అమృతం’ పెట్టుకుంటే అది కాలక్షేపం కాదు. డెరిక్ బృందం చెప్పింది అతని కంచం ముందు జరుగుతోంది. ఆ గొంతులు వినిపిస్తున్నంతసేపూ గది ఖాళీగా ఉండదు.

జంధ్యాల వెళ్ళాక అయిదు నెలలకు

తేదీల్లో ఇంకో కలయిక ఉంది. హాస్య చిత్రాల దర్శకుడు జంధ్యాల కన్నుమూసింది 2001 జూన్ 19న. ‘అమృతం’ మొదలైంది సరిగ్గా అయిదు నెలలకు ఒక్క రోజు తక్కువగా. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగలిగే హాస్యం ఇక ఎవరు రాస్తారని బెంగపడిన ఏడాది అది. వెండితెర నుంచి ఆ ధార కొంత ఇంటి తెర మీదికి మళ్ళిందని నేననుకుంటాను. ఊరికే అనడం లేదు, మనిషి సాక్ష్యం ఉంది. బెజవాడలో 1956లో పుట్టి, నాటకాల్లో నలిగిన గుండు హనుమంతరావును సినిమాల్లోకి తీసుకొచ్చింది జంధ్యాలే, 1987 నాటి ‘అహ నా పెళ్ళంట’తో. ఆ తర్వాత ఆయన నాలుగు వందలకు పైగా సినిమాల్లో కనిపించాడు. వాటిలో చాలా పాత్రలు రెండు మూడు నిమిషాలవి. ఆ మనిషి తాహతు ఎంతో తెలిసింది మాత్రం అంజిగానే.

ఇది మళ్ళీ చూస్తేనే కనబడే సంగతి. మొదటిసారి చూసినప్పుడు మన చూపు అమృతం మీద ఉంటుంది, కథ నడిపేది అతనే కాబట్టి. రెండోసారి, మూడోసారి చూసినప్పుడు పక్కన నిలబడ్డ అంజి మీదికి పోతుంది. అమృతం పథకం చెబుతున్నంతసేపూ అంజి ముఖంలో ఏమీ ఉండదు. అంతా విని, కాస్త ఆగి, ఒక చిన్న సందేహం అడుగుతాడు. గొంతు పెంచడు, కళ్ళు ఎగరేయడు. ఆ ఆగడం ఉందే, అక్కడే నవ్వుంది. ఒక వీసం ముందైనా వెనకైనా పేలదు. అప్పాజీ దీనికి సరిగ్గా తలకిందులు. షరతులన్నీ గుక్క తిప్పుకోకుండా ఏకబిగిన, ఎక్కడా స్వరం మారకుండా అప్పగిస్తాడు. ఒకరు ఆగి నవ్విస్తే ఇంకొకరు ఆగకుండా నవ్విస్తారు. ఇలాంటి పనితనం వారానికొక్కసారి చూసి వదిలేసిన రోజుల్లో కంటికి ఆనేది కాదు.

2018 ఫిబ్రవరి 19న హనుమంతరావు వెళ్ళిపోయాడు. 61 ఏళ్ళు. ఆ తర్వాత ఈ సీరియల్ చూడటంలో ఒక తేడా వచ్చింది. నవ్వు తగ్గలేదు. నవ్విన తర్వాత ఒక క్షణం ఆ ముఖాన్ని చూస్తూ ఉండిపోతాం. టైటిల్ పాట రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి 2021 నవంబరు 30న వెళ్ళిపోయాడు. కష్టాన్ని భూతద్దంలో చూడొద్దని చెప్పే ఆ పాటను దాటవేసి కథలోకి వెళ్ళేవాళ్ళు తక్కువ. యూట్యూబులో ముందుకు జరుపుకునే వీలున్నా పాట విన్నాకే ముందుకెళ్తారు.

అన్నీ ఇప్పటికీ అంతే ముద్దుగా ఉన్నాయని చెప్పను. భార్య అంటే సాధించేదనీ, మనిషి ఆకారం చూసి నవ్వచ్చనీ నమ్మిన కాలం నాటి కొన్ని హాస్యాలు అప్పటి తెలుగు కార్యక్రమాలన్నిట్లో ఉన్నట్టే ఇందులోనూ అక్కడక్కడా ఉన్నాయి. ఇవాళ కూతుళ్ళ పక్కన కూర్చుని చూస్తుంటే అక్కడ నవ్వు రాదు. రాకపోవడమే మంచిది. మనం పెరిగామన్న సంగతి కూడా ఆ ఎపిసోడే చెబుతోంది.

5,710 కోట్ల నిమిషాలు

ఇది మన ఒక్కరి జబ్బు కాదు, ప్రపంచమంతా ఉన్నదే. 2020లో అమెరికాలో స్ట్రీమింగ్‌లో అత్యధికంగా చూసిన షో ఆ ఏడాది వచ్చింది కాదు. 2013లో ముగిసిన ‘ది ఆఫీస్’ అనే హాస్య సీరియల్. నీల్సన్ సంస్థ లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో జనం దాన్ని చూసిన సమయం 5,710 కోట్ల నిమిషాలు. ఏళ్ళలోకి మారిస్తే లక్షా ఎనిమిది వేల ఏళ్ళకు పైనే. వేల కొత్త సినిమాలు, సిరీస్‌లు వేలి చివర ఉన్నా, కరోనా భయంతో ఇంట్లో కూర్చున్న ఏడాది జనం తెలిసిన ఇంటి తలుపే తట్టారు.

మన దగ్గరా అదే. 2020 మార్చి 28న దూరదర్శన్ ‘రామాయణ్’ను మళ్ళీ మొదలుపెట్టింది. 1987, 88 నాటిది. టీవీ ప్రేక్షకుల సంఖ్యను లెక్కగట్టే బార్క్ సంస్థ ప్రకారం ఆ శని, ఆదివారాల్లో వేసిన నాలుగు ప్రసారాలను చూసినవాళ్ళు 17 కోట్లు. అప్పటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 21 కోట్లు, చూసేవాళ్ళు 89.2 కోట్లు, ఇంటికి సగటున నలుగురు. లాక్‌డౌన్ ఆ నలుగుర్నీ మళ్ళీ ఒకే గదిలోకి చేర్చింది.

సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన రోజున, 2020 మార్చి 25న, ఉగాది నాడు ‘అమృతం ద్వితీయం’ జీ5లో వచ్చింది. హర్షవర్ధన్ అమృతంగా, అంజిగా ఎల్బీ శ్రీరామ్. ఎల్బీ శ్రీరామ్ గొప్ప నటుడు, అందులో రెండో మాట లేదు. అంతకుముందు 2014లో ‘చందమామలో అమృతం’ పేరుతో గంగరాజే సినిమా తీశారు. ఈ రెండూ పాతదాని స్థానాన్ని తీసుకోలేకపోయాయి. తీసుకోలేవు కూడా. జనం అడుగుతున్నది మరిన్ని ఎపిసోడ్లు కాదు, అవే ఎపిసోడ్లు.

దాచినవాడిదే జ్ఞాపకం

అసలు మళ్ళీ చూడటం అనేది టీవీలో ఎలా మొదలైంది? 1951 అక్టోబరులో అమెరికాలో ‘ఐ లవ్ లూసీ’ వచ్చింది. అప్పట్లో టీవీ హాస్యం చాలావరకు ప్రత్యక్ష ప్రసారం. గాలిలోకి వెళ్ళిందంటే పోయినట్టే. ఆ షో నటులు, నిర్మాతలు అయిన దంపతులు లూసిల్ బాల్, డెసి అర్నాజ్ దాన్ని ఫిల్ము మీద తీయాలని పట్టుబట్టారు. తమ జీతం కొంత తగ్గించుకుని, ఆ ఫిల్ము మీద హక్కు తమకే ఉండాలని ఒప్పందం రాయించుకున్నారు. లూసిల్ గర్భవతిగా ఉన్న రోజుల్లో పాత ఎపిసోడ్లు మళ్ళీ వేస్తే జనం కాదనకుండా చూశారు. పునఃప్రసార వ్యాపారానికి అక్కడ పునాది పడింది. ఆరు సీజన్లలో ఆ షో ఎపిసోడ్లు 180. ఏడాదికి 30. ‘అమృతం’ ఏడాదికి 52. సీజన్ల విరామం లేకుండా తీసినందుకు మనకు దక్కిన అదనం ఇది.

దాచుకోనివాళ్ళ సంగతీ ఉంది. వీడియో టేపు ఖరీదైన రోజుల్లో పాత కార్యక్రమాన్ని చెరిపేసి దాని మీదే కొత్తది రికార్డు చేయడం చాలా దేశాల టీవీ సంస్థల అలవాటు. బ్రిటన్‌లో బీబీసీ తీసిన ‘డాడ్స్ ఆర్మీ’ అనే హాస్య సీరియల్ మొత్తం 80 ఎపిసోడ్లు. వాటిలో అయిదు పోయాయి. 2001లో రెండు ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర డబ్బాల్లో దొరికాయి. మూడు ఈనాటికీ లేవు. కోట్లమంది నవ్విన ఆ మూడు అరగంటలను అప్పటిలా తెర మీద చూసే వీలు ఇక లేదు.

మన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం పేరు ఇంటింటికీ చేర్చిన ‘ఆనందోబ్రహ్మ’ అక్కడిదే. ‘అమృతం’ కన్నా ముందే తెలుగింట్లో వారం వారం నవ్వు పంచిన కార్యక్రమం. దాన్ని చూసిన తరం ఇప్పటికీ దాని గురించి చెబుతుంది. కానీ ‘అమృతం’ లాగా మొదటినుంచి చివరిదాకా వరసగా, శుభ్రంగా, కోరుకున్నప్పుడు చూసే వీలు ఆ తరానికి దక్కలేదు. రెండింటికీ తేడా గొప్పతనంలో లేదు. ఒకదాన్ని తీసినవాళ్ళు టేపులు భద్రంగా ఉంచుకుని, హక్కులు తమ చేతిలో పెట్టుకుని, జనం ముందు పెట్టారు. ప్రైవేటు చానెళ్ళలో నిర్మాతే సమయం కొనుక్కుని ప్రకటనలు అమ్ముకునే పద్ధతి నడిచిన రోజులవి. నష్టమొస్తే అతనిదే, పంట నిలిస్తే అదీ అతనిదే. ఆ నిర్మాత చేసిన జాగ్రత్త ఫలం ఇవాళ మనం తింటున్నాం.

కాబట్టి ఈ వ్యాసం రాయడం వెనక నావి రెండు విన్నపాలు ఉన్నాయి. మొదటిది దూరదర్శన్‌కు. 2014 సెప్టెంబరు 27 నుంచి విజయవాడ నుంచే సప్తగిరి చానెల్ నడుస్తోంది. తెలుగు దూరదర్శన్ భాండాగారంలో మిగిలివున్న పాత హాస్య నాటికలు, సీరియళ్ళు ఏమున్నాయో జాబితా ప్రకటించండి, ఉన్నవాటిని బయటపెట్టండి. ప్రజల డబ్బుతో తీసినవి ప్రజలు చూడాలి.

రెండోది చదువుతున్న మీకు. ఎనభై, తొంభైల్లో వీసీఆర్ కొన్న ఇళ్ళు నందిగామలో ఉన్నాయి, జగ్గయ్యపేటలో ఉన్నాయి, పల్లెల్లోనూ ఉన్నాయి. పెళ్ళి క్యాసెట్ల పక్కన, అటక మీద ట్రంకు పెట్టెలో, టీవీ నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఉండే ఉంటాయి. వీడియో టేపు ఆయుష్షు సాధారణంగా పది నుంచి ముప్ఫై ఏళ్ళు అంటారు. తేమ తగిలితే ఇంకా తక్కువ. ఏటి పక్క ఊళ్ళలో తేమకు కొదవలేదు. ప్రపంచంలో వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీ ఫునాయ్ 2016 జులైలో వాటిని ఆపేసింది. ఇప్పుడున్న యంత్రాలు పాడైతే కొత్తవి రావు. ఆ పెట్టె దింపండి. క్యాసెట్టు మీద రాసిన పేరు చదవండి. బెజవాడలోనో హైదరాబాదులోనో డిజిటల్‌లోకి మార్చిపెట్టే వీడియో స్టూడియో ఎక్కడుందో కనుక్కుని, టేపు బూజు పట్టకముందే ఇచ్చి రండి.